ముందు జానెడు బంతికి, వెనక మూడు మూరలు చేతికి: పూల్ క్యూలో ఏ చెక్క ఎక్కడ ఏం చేస్తుంది

బ్రహ్మోత్సవాలప్పుడు తిరుమల మాడవీధుల్లో వాహనం ముందు కోలాటం బృందాలు పోతుంటాయి. అక్కడ కూచుని కాసేపు కళ్ళు మూసుకుంటే ఒక్కో బృందం కోలలు ఒక్కో రకంగా వినపడతాయి. ఒకరివి ఖంగుమని మోగుతాయి, ఇంకొకరివి టక్కుమని అక్కడికక్కడే ఆగిపోతాయి. మా నాయన వడ్రంగి. చిన్నప్పుడు నన్ను పక్కన కూచోబెట్టుకుని, "అదో, అవి చేవ కోలలు. ఇవి తెల్లచెక్క" అని చెప్పేవాడు. చెట్టు నడుమ ముదిరి రంగు తిరిగిన గట్టి చెక్క చేవ. దాని చుట్టూ బెరడు దాకా ఉండేది తెల్లచెక్క. నేను పూల్ క్యూలు, అంటే బల్ల మీద బంతుల్ని కొట్టి గుంతల్లోకి పంపే పూల్ ఆట కర్రలు, బాగుచేసే పనిలోకి వచ్చాక ఈ రెండు మాటలే నాకు దారి చూపించినాయి.

తిరుపతిలో నా దగ్గరికి క్యూ తెచ్చే కుర్రాళ్ళలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "అన్నా, ఏ చెక్క మంచిది?" ఈ ప్రశ్నకు ఒక్క పేరు జవాబుగా చెప్పలేం. క్యూలో ఏ భాగానికి అని అడగాలి. క్యూ కొనన బంతికి తగిలే తోలు బిళ్ళ టిప్; దాని నుంచి వెనక్కి ఒక జానెడు దూరం వరకు ఉన్న చెక్క బంతి ఎటు పోవాలో తేలుస్తుంది. మిగతా మూడు మూరల చెక్క మన చేతికి ఏం తెలియాలో తేలుస్తుంది. ఈ తేడా తెలియక చాలామంది వెనక చేత్తో పట్టుకునే లావు సగం, అంటే బట్, మీద డబ్బు పోసి, ముందున్న జానెడును పట్టించుకోకుండా వదిలేస్తారు. అందుకే ఈ మార్గదర్శిని ముందు నుంచి వెనక్కి రాస్తున్నాను. క్యూను పరీక్షించేటప్పుడు మీరూ అదే వరసలో రండి.

మొదటి మెట్టు: ఇరవై షాట్లు, సగం చెవుల్లో దూదితో

కొనేముందు, మార్చేముందు "చేతికి తగలడం" అంటే ఏమిటో తెలుసుకోవాలి. టిప్ బంతిని తాకి ఉండేది సెకనులో దాదాపు వెయ్యో వంతు. అంత తక్కువ సమయంలో మనిషి చెయ్యి ఏమీ సర్దుకోలేదు. దెబ్బ తెలిసిందని మనసుకు అనిపించేసరికి బంతి వెళ్ళిపోయి ఉంటుంది. చేతికి అందేది జరిగిపోయిన దెబ్బ తాలూకు అదురు, చెవికి అందే చప్పుడు, ఈ రెండూ కలిసిన ఒక కబురు. ఆ కబురు పనికిరానిదేమీ కాదు. వచ్చే షాట్‌లో ఎంత బలం పెట్టాలో మనం నేర్చుకునేది దాన్నిబట్టే. కాకపోతే అది బంతిని తిప్పేది కాదు, మనకు పాఠం చెప్పేది.

పూల్ పార్లర్‌కు వెళ్ళి మూడు క్యూలు తీసుకోండి. టేబుల్ మధ్యలో ఒక బంతి పెట్టి, క్యూతో కొట్టే తెల్లబంతి వైట్‌ను దానికి ఎదురుగా రెండడుగుల దూరంలో ఉంచి, తిన్నగా స్టాప్ షాట్లు, అంటే తగలగానే వైట్ అక్కడికక్కడే ఆగిపోయే షాట్లు, కొట్టండి. ఒక్కో క్యూతో పది. తర్వాత చెవుల్లో దూది పెట్టుకుని ఇంకో పది. చెవులు మూసేసరికి రెండు క్యూల మధ్య తేడా సగం మాయమవుతుంది. నేను ఇది ఎంతోమందితో చేయించాను, ప్రతి ఒక్కరూ ఆశ్చర్యపోయారు. "గట్టిగా తగులుతుంది", "మెత్తగా తగులుతుంది" అనుకునేదాంట్లో పెద్ద వాటా చప్పుడుదే. దూది పెట్టుకున్నాక కూడా మిగిలే తేడా ఏదైతే ఉందో అది నిజంగా చేతిది. దాన్ని ఒక కాగితం మీద మీ మాటల్లో రాసి పెట్టుకోండి: జిల్లుమంటోంది, మొద్దుగా ఉంది, గిజగిజమంటోంది, ఏదైనా సరే. తర్వాతి మెట్లలో అది పనికొస్తుంది.

రెండో మెట్టు: టిప్, ఫెరూల్ చూడకుండా చెక్క మీద నింద వేయొద్దు

పోయిన ఏడాది యూనివర్సిటీ కుర్రాడొకడు క్యూ పట్టుకొచ్చాడు.

"అన్నా, కొడితే చెయ్యి జిల్లుమంటా ఉంది. బట్ చెక్క మంచిది కాదేమో. మార్చేద్దామా?"

"ఉండప్పా, ముందు ఈ కొన చూద్దాం" అన్నాను.

టిప్ అరిగి అరిగి కాగితం మందంలో మిగిలింది. పైభాగం గాజులాగా మెరుస్తోంది. టిప్‌కు రాసే నీలం చాక్ తీసుకుని, టిప్ కింద ఉండే తెల్లటి తొడుగు ఫెరూల్ చుట్టూ బాగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచాను. పొడి అంతా పోయింది కానీ ఒక్కచోట వెంట్రుకంత నీలం గీత అలాగే ఉండిపోయింది. ఫెరూల్ చీలింది. కంటికి కనపడనంత సన్నటి చీలికలోకి చాక్ దూరి దాన్ని చూపించింది. ఫెరూల్ మార్చి, కొత్త టిప్ అతికించి, రాత్రంతా ఆరనిచ్చి ఇచ్చాను. బట్ ముట్టుకోలేదు. రెండు రోజులకు వచ్చి, "ఇదేందన్నా, వేరే స్టిక్ మాదిరి ఉండాది" అన్నాడు.

టిప్ తోలుతో చేసింది. అణచి చేసిన ఒంటి తోలు ఉంటుంది, పంది తోలు పొరలు పొరలుగా అతికించినవి ఉంటాయి. మెత్తటి టిప్ బంతిని ఇంకాస్త ఎక్కువసేపు తాకి ఉంటుంది, చప్పుడు తగ్గుతుంది, అదురు కూడా మెత్తబడుతుంది. గట్టి టిప్ టక్కుమని వదిలేస్తుంది. టిప్ ఒంపు కోసం మన రూపాయి నాణేన్ని పక్కన పెట్టి చూసుకోండి, నాణెం అంచు ఒంపు ఉంటే చాలు. అంతకన్నా చదునుగా ఉంటే సైడ్ పెట్టినప్పుడు, అంటే బంతి గిర్రున తిరిగేలా పక్కగా కొట్టినప్పుడు, టిప్ అంచు తగిలి జారుతుంది. టిప్ పక్క గోడ ఎత్తు రెండు మిల్లీమీటర్లకు దిగిందంటే మార్చేయండి, దాచుకోవద్దు.

మీరు పోల్చే రెండు క్యూలకూ ఒకే రకం టిప్ ఉండాలి. లేకపోతే మీరు పోల్చింది చెక్కను కాదు, తోలును.

మూడో మెట్టు: షాఫ్ట్. ఇక్కడ తొందరపడొద్దు

పూల్ క్యూ ముందు సగం, అంటే షాఫ్ట్‌కు, ఎప్పటినుంచో వాడుతున్నది హార్డ్ మేపుల్. ఉత్తర అమెరికా చలి ప్రాంతాల చెట్టు. అక్కడ ఎదిగే కాలం చిన్నది కాబట్టి వలయాలు దగ్గరదగ్గరగా పడతాయి. విశేషం ఏమిటంటే, షాఫ్ట్‌కు తీసుకునేది ఆ చెట్టు చేవను కాదు, చుట్టూ ఉండే తెల్లచెక్కను. మన వడ్రంగులకు ఇది విచిత్రంగా ఉంటుంది. మనం ద్వారబంధానికి చేవ కావాలని పట్టుబడతాం, తెల్లచెక్క కనపడితే పురుగు పడుతుందని పక్కన పడేస్తాం. క్యూలో మాత్రం ముందు తెల్లచెక్క, వెనక చేవ. మేపుల్ తెల్లచెక్క రంధ్రాలు కంటికి కనపడనంత సన్నగా, నార తిన్నగా ఉంటుంది. చేతివేళ్ళ మధ్య జారేటప్పుడు గీసుకోదు.

పూల్ లాంటిదే, ఇంకా పెద్ద బల్ల మీద ఆడే స్నూకర్ క్యూలలో యాష్ చెక్క ఎక్కువ. దాని రంధ్రాలు పెద్దవి, గీతలు బాణం మొనల్లాగా కనపడతాయి. స్నూకర్ ఆడేవాళ్ళలో చాలామంది ఆ మొనల్ని పైకి ఉంచి పట్టుకుంటారు. మన పార్లర్లలో స్నూకర్ క్యూతోనే పూల్ ఆడేవాళ్ళు చాలామంది కాబట్టి ఈ రెంటి తేడా తెలిసుండాలి. స్నూకర్ క్యూ టిప్ 9 నుంచి 10 మిల్లీమీటర్లు, బంతి 52.5 మిల్లీమీటర్లు. పూల్ క్యూ టిప్ సాధారణంగా 12 నుంచి 13, బంతి 57 మిల్లీమీటర్ల పైచిలుకు, బరువు సుమారు 165 గ్రాములు. సన్న క్యూతో బరువైన పూల్ బంతిని కొట్టి బ్రేక్ చేస్తే, అంటే ఆట మొదట్లో బంతుల గుంపును చెదరగొడితే, చెయ్యి అదరడంలో వింత లేదు. క్యూ చెడ్డదని కాదు, అది వేరే పనికి పుట్టింది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం, ఎందుకంటే అసలు రహస్యం ఇక్కడే ఉంది. గుండ్రటి కర్ర వంగకుండా నిలిచే శక్తి దాని మందాన్ని నాలుగుసార్లు వేసి ఒకదాంతో ఒకటి గుణించినంతగా (నాలుగో ఘాతంగా) మారుతుంది. 12 మిల్లీమీటర్ల షాఫ్ట్ కన్నా 13 మిల్లీమీటర్ల షాఫ్ట్ దాదాపు 38 శాతం బిర్రుగా ఉంటుంది. బరువు మాత్రం 17 శాతమే పెరుగుతుంది. ఒక్క మిల్లీమీటరుకు ఇంత తేడా! చెక్క జాతి మారితే వచ్చే తేడా చాలాసార్లు ఇంత ఉండదు. కాబట్టి "మేపులా, యాషా" అని అడిగేముందు "ఎంత మందం, ఎలా సన్నబడింది" అని అడగండి.

సన్నబడే తీరు రెండు రకాలు. మొదటిది ప్రో టేపర్. టిప్ నుంచి 10, 12 అంగుళాలు, కొన్నిటిలో ఇంకా ఎక్కువ, ఒకే మందంలో వచ్చి తర్వాత లావెక్కుతుంది. క్యూ ముందు భాగాన్ని ఆనించడానికి ముందు చేతి వేళ్ళతో కట్టే వంతెన మధ్య క్యూ ఒకే రకంగా జారుతుంది, దెబ్బ కాస్త మెత్తగా తెలుస్తుంది. రెండోది కొన నుంచే కొద్దికొద్దిగా లావయ్యేది. బిర్రుగా ఉంటుంది, దెబ్బ సూటిగా చేతికి వస్తుంది. వేళ్ళు మూసి వంతెన కట్టేవాళ్ళకు మొదటిది సుఖం. స్నూకర్ నుంచి వచ్చి తెరిచిన వంతెనతో ఆడేవాళ్ళకు రెండోదాంతో ఇబ్బంది ఉండదు.

ఇక ముందు జానెడు సంగతి. బంతికి కుడిపక్క సైడ్ పెట్టి కొడితే బంతి గురి తప్పి కాస్త ఎడమకు పోతుంది. ఆడేవాళ్ళందరికీ ఇది తెలుసు. ఎందుకంటే, టిప్ పక్కగా తగిలినప్పుడు బంతి తిరుగుతూ టిప్‌ను పక్కకు నెడుతుంది. టిప్ వైపు ఎంత బరువుంటే అంత గట్టిగా అది తిరిగి బంతిని నెడుతుంది. ఆ వెయ్యో వంతు సెకనులో ఆ పక్క కదలిక క్యూలో పాకేది కొన్ని అంగుళాలే. వెనకున్న బట్ ఎబొనీ అయినా, వేప అయినా ఆ సంగతి బంతికి తెలియదు. 13 మిల్లీమీటర్ల మేపుల్ షాఫ్ట్‌లో ముందు ఆరంగుళాల చెక్క బరువు నా లెక్కలో సుమారు 14 గ్రాములు, 12 మిల్లీమీటర్లకు 12 గ్రాములు. ఆ రెండు గ్రాములు, ఫెరూల్‌లో ఇంకో గ్రాము, వీటి మీదే సైడ్ షాట్ గురి ఆధారపడి ఉంటుంది. బంతిని ఇలా పక్కకు తక్కువగా పంపే షాఫ్ట్‌లు తయారుచేసేవాళ్ళు కొనను లోపల తొలిచి బోలు చేయడం, ఫెరూల్‌ను పొట్టిగా, తేలిగ్గా చేయడం ఇందుకే. ప్రిడేటర్ కంపెనీ 314 షాఫ్ట్‌తో ఈ ఆలోచన ప్రపంచమంతా పాకింది. అందులో మేపుల్‌ను పది ముక్కలుగా కోసి, నారింజ తొనల్లా గుండ్రంగా అతికించారు.

తొనలుగా అతికించడంలో ఇంకో లాభముంది. ఒంటి చెక్క షాఫ్ట్ ఒక వైపు తిప్పి వంచితే ఒక రకంగా, ఇంకో వైపు తిప్పి వంచితే ఇంకో రకంగా ఉంటుంది, వలయాల దిశ అలాంటిది. తొనలు అన్ని దిశల్లో ఉంటే ఆ తేడా చదునైపోతుంది. మీది ఒంటి చెక్క షాఫ్ట్ అయితే దిగులు అక్కర్లేదు. షాఫ్ట్, బట్ కలిసే జాయింట్ దగ్గర పెన్నుతో చిన్న చుక్క పెట్టి, ఎప్పుడూ ఆ చుక్క పైకే ఉండేలా పట్టుకోండి.

షాఫ్ట్ ఎంచుకునేటప్పుడు నేను చేసే పరీక్షలు ఇవి. ముందు వెలుతురులో పెట్టి నార గీతలు చూస్తాను. అవి కొన నుంచి జాయింట్ దాకా తిన్నగా పరిగెత్తాలి. మధ్యలో పక్కకు జారి బయటికి పోయాయంటే ఆ షాఫ్ట్ ఇవాళ తిన్నగా ఉన్నా రేపు వంగుతుంది. తర్వాత ఒక కన్ను మూసి, కొన నుంచి తుపాకీ గురి చూసినట్టు చూస్తాను. టేబుల్ మీద దొర్లించి చూడటం నాకు నమ్మకం లేదు, జాయింట్ కాస్త అటుఇటైనా తిన్నని షాఫ్ట్ వంకరగా దొర్లుతుంది.

చివరిది మోగించి చూడటం. 29 అంగుళాల షాఫ్ట్ అయితే లావు కొన నుంచి ఆరున్నర, ఏడు అంగుళాల దగ్గర రెండు వేళ్ళతో లేతగా పట్టుకుని వేలాడదీయండి. నడుమ మీద వేలి కణుపుతో తట్టండి. బాగా మోగే చోటు దొరికేదాకా వేళ్ళు కాస్త పైకీ కిందికీ జరపండి, ఎందుకంటే అదురు లేని చోట పట్టుకుంటేనే కర్ర నోరు విప్పుతుంది. మంచి షాఫ్ట్ సన్నగా, కాసేపు మోగుతుంది. డబ్బుమని చచ్చిన చప్పుడు వస్తే చీలికో, జిగురు వదలడమో, తేమ తాగడమో ఏదో ఉంది. నాలుగైదు షాఫ్ట్‌లు వరసగా మోగించి చూస్తే మీ చెవికే తెలిసిపోతుంది. వీణ చేసేవాళ్ళు పనసచెక్కను తట్టి ఎంచుకునే పని ఇదే.

మన టేకు ఎందుకు పనికిరాదని అడుగుతారు. టేకుతో ఒక షాఫ్ట్ లేత్ మీద చేసి చూశాను. బిర్రుతనంలో అంత వెనకబడలేదు. కానీ టేకులో ఇసుక పదార్థం ఉంటుంది, ఉలి మొండిబారేది అందుకేనని ప్రతి వడ్రంగికీ తెలుసు. నూనె ఉండి జిగురు సరిగ్గా పట్టదు. మేపుల్ కన్నా మెత్తన కాబట్టి టేబుల్ అంచు తగిలితే నొక్కు పడుతుంది. రెండు నెలల్లో ఆ షాఫ్ట్ నొక్కులతో నిండిపోయింది.

కార్బన్ ఫైబర్ షాఫ్ట్ చెక్క కాదు కాబట్టి రెండు మాటలు చాలు. ఎండకూ వానకూ వంగదు, కొన తేలిక. చప్పుడు మాత్రం బోలుగా టొక్కుమంటుంది, కొందరికి అది ఎన్నటికీ నచ్చదు.

నాలుగో మెట్టు: జాయింట్

జాయింట్ మీద వాదనలు చాలా నడుస్తాయి. స్టీలు జాయింట్ గట్టిగా కొడుతుంది, చెక్కకు చెక్క ఆనితే మెత్తగా కొడుతుంది అంటారు. నా అనుభవంలో రెండు ముఖాలు ఒకదానికొకటి పూర్తిగా ఆనుతున్నాయా లేదా అన్నది లోహం పేరు కన్నా ముఖ్యం. స్టీలు కాలర్ ఉంటే నడుమ బరువు పెరిగి క్యూ ముందుకు తూగుతుంది, చప్పుడు పదునెక్కుతుంది. చెక్క ముఖాలున్న జాయింట్‌లో, ముఖ్యంగా అంగుళానికి పది మరలుండే లావు పిన్ ఉన్నదాంట్లో, దెబ్బ ఒకే ముక్క కర్రతో కొట్టినట్టు వస్తుంది.

ఆనిక చూడటానికి మళ్ళీ చాకే. ఒక ముఖం మీద వేలితో పల్చగా చాక్ పొడి రాయండి. జాయింట్‌ను చేతి బిగువు మేరకు బిగించి, విప్పి, రెండో ముఖం చూడండి. నీలం వలయం చుట్టూ సమానంగా పడితే మంచిది. ఒకపక్కే పడితే అక్కడే ఆనుతోంది, రెండోపక్క ఖాళీ. ఆ ఖాళీయే గిజగిజమని అదురుతుంది. అలాంటిదాన్ని ఉప్పుకాగితంతో మీరే రుద్దబోకండి, ఒక్క రుద్దుకు క్యూ మొత్తం వంకరపోతుంది. లేత్ మీద చదును చేయించాలి. చూడటం అయిపోయాక పొడిని పూర్తిగా తుడిచేయడం మరిచిపోకండి.

ఐదో మెట్టు: బట్. అందం, బరువు, చేవ

ఇక్కడికి వచ్చేసరికి అందరి కళ్ళూ మెరుస్తాయి. ఎబొనీ, రోజ్‌వుడ్, కోకోబోలో, పర్పుల్‌హార్ట్. రోజ్‌వుడ్‌ను మన పాత వడ్రంగులు ఇరుగుడు అంటారు. ఎబొనీకి మన అడవుల్లోనే చుట్టముంది: బీడీ ఆకు కోసే తునికి చెట్టు. దాని చేవ కూడా నల్లగా, ఇనుములా ఉంటుంది.

బట్ చెక్క చేసే మొదటి పని బరువు. లెక్క వేసి చూడండి. 29 అంగుళాల బట్ మొత్తం పరిమాణం సుమారు 410 ఘన సెంటీమీటర్లు. మేపుల్ అయితే దాదాపు 290 గ్రాములు తూగుతుంది. నీళ్ళలో మునిగే చేవ అయితే, అంటే ఘన సెంటీమీటరుకు 1.1 గ్రాములుండేదైతే, 450 గ్రాములు. తేడా ఇంచుమించు ఒక పూల్ బంతి బరువు! షాఫ్ట్, జాయింట్, రబ్బరు అన్నీ కలిపితే ఆ బరువు క్యూ 21 ఔన్సులు (ఔన్సు సుమారు 28 గ్రాములు) దాటిపోతుంది. సాధారణంగా 18 నుంచి 20 ఔన్సుల మధ్య క్యూ చేతికి అలవాటు. అందుకే తెలివైన పనివాళ్ళు బరువు చెక్కను లోపల తొలిచి, అందులో మేపుల్ కడ్డీ దింపి అతికిస్తారు. బయటికి చేవ అందం, లోపల తేలిక, పైగా వంగదు. తేలిక చెక్క బట్‌కు దీనికి తిరగబడి, వెనక బరువు బోల్టు వేస్తారు. బోల్టు వేసిన బరువు ఒక్కచోటే పోగై ఉంటుంది. చేవ బరువు అంతటా పరుచుకుని ఉంటుంది. రెండూ 19 ఔన్సులే తూగినా చేతిలో ఊగే తీరు వేరు. దీన్ని రాతలో చెప్పడం కష్టం, రెండిటినీ పట్టుకుని నాలుగుసార్లు ఊపితే చెయ్యే చెబుతుంది.

తూకం చూసేందుకు క్యూను ఒక వేలు మీద నిలపండి. వెనక కొన నుంచి 18, 19 అంగుళాల దగ్గర నిలిస్తే మామూలు పూల్ క్యూ. అంతకన్నా ముందు నిలిస్తే వంతెన చేతి మీద బరువు పడుతుంది, నిదానం షాట్లు నిలకడగా వస్తాయి. వెనక నిలిస్తే కొన గాలిలో తేలుతున్నట్టుంటుంది.

బట్ కట్టిన తీరు రెండు రకాలు. ఫుల్ స్ప్లైస్‌లో ముందుచెక్కా వెనకచెక్కా పొడవాటి మొనలుగా కోసి, రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు కలుపుతారు. లోహం మధ్యలో రాదు. అతికిన మేర చాలా పొడుగు కాబట్టి అదురు తెగకుండా వెనక్కి వస్తుంది. మంచి పార్లర్ క్యూలలో ఇలా కట్టినవి దొరుకుతాయి, బయటికి సాదాగా ఉంటాయని జనం పట్టించుకోరు. నన్నడిగితే తక్కువ డబ్బుకు మంచి దెబ్బ కావాలంటే అలాంటిదాన్ని నడుమ కోసి జాయింట్ వేయించుకోవడం అన్నిటికన్నా తెలివైన పని. రెండో రకంలో ముందుచెక్క, పిడి, పిడి వెనక ఉండే స్లీవ్ వేరువేరు ముక్కలు. స్క్రూతో, జిగురుతో కలుపుతారు. బాగా చేసినది ఏమాత్రం తీసిపోదు. సరిగ్గా చేయనిదాంట్లో ఆ కలిసేచోటే జిగురు వదిలి గిరగిరమంటుంది. బట్‌ను పిడికిలితో పట్టి, రెండో అరచేతితో వెనక కొన మీద కొట్టండి. లోపల గలగల వస్తే ముందు వెనక రబ్బరు తీసి, బరువు బోల్టు బిగించి చూడండి. పదింటిలో సగం అక్కడే తీరిపోతాయి. తీరకపోతే ముక్కలు కలిసిన చోటు అనుమానించండి.

ఎర్రచందనం సంగతి చెప్పకుండా తిరుపతిలో చెక్క గురించి రాయలేను. శేషాచలం కొండల చెట్టు, నీళ్ళలో మునిగే చేవ, ప్రపంచంలో సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అంతర్జాతీయ వ్యాపారం మీద, అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల కోసం దేశాలు చేసుకున్న సైట్స్ ఒప్పందం కింద 1995 నుంచి కట్టడి ఉంది, అనుమతి పత్రాలు లేకుండా కొట్టడం, తరలించడం నేరం. "ముక్క ఉంది, బట్ చేసిపెట్టన్నా" అని నా దగ్గరికీ వచ్చారు. కాగితాలు లేని ముక్కను నేను లేత్ ఎక్కించను, మీరూ చేతిలోకి తీసుకోకండి. ఆ చెట్టు చేవ కట్టడానికి ఎన్ని దశాబ్దాలు పడుతుందో తెలిసినవాడికి దొంగచెక్కతో ఆట మీద మనసు పోదు. పైగా క్యూలకు అమ్మే ఎర్ర బట్‌లలో కనపడేది పడౌక్, ఆఫ్రికాలో పెరిగే దాని చుట్టం. కొత్తలో నారింజ ఎరుపు, వెలుతురు తగిలేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. చక్కని చెక్క, బరువు కూడా తగుమాత్రం.

స్థానికంగా దొరికే చెక్కతో చేయించుకోవాలంటే నా ఓటు నల్లతుమ్మ చేవకు, చింత చేవకు. బండి చక్రాలకు, గానుగలకు వాడిన చెక్కలివి, దెబ్బ తినడం వాటికి కొత్త కాదు. అయితే కోసిన వెంటనే పనికి రావు. నీడలో ఏళ్ళ తరబడి ఆరినదే తీసుకోండి. పాత ఇల్లు కూల్చినప్పుడు దొరికే ముక్క దొరికితే అదృష్టమే. మొత్తం బట్ వద్దు, వెనక స్లీవ్ మాత్రం చేవతో చేసి ముందుచెక్క మేపుల్ ఉంచండి.

పిడి గురించి ఎక్కువ చెప్పేది లేదు. దారం చుట్టినది చెమట పీలుస్తుంది, తోలు పట్టునిస్తుంది, ఏమీ లేని పిడి అదురును ఉన్నదున్నట్టు చేతికిస్తుంది. మన మే నెల చెమటకు నేను దారమే వాడతాను.

ఆరో మెట్టు: ఎండ, వాన

ఈ ఊళ్ళో క్యూ చెడేది ఎక్కువగా ఆటలో కాదు, ఇంట్లో. మేలో గాలి పొడిగా ఉన్న మధ్యాహ్నాల్లో చెక్కలో తేమ 7 శాతం దాకా దిగుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాల వానల్లో 15 దాకా ఎక్కుతుంది. తాగేటప్పుడు ఉబ్బి, ఆరేటప్పుడు కుంచించుకునే ఈ రాకపోకల్లోనే షాఫ్ట్ వంగుతుంది. నా మొదటి సొంత క్యూను మేడమీద రేకుల గదిలో గోడకు ఆనించి, ఒక వేసవి సెలవులకు మదనపల్లె వెళ్ళాను. తిరిగొచ్చేసరికి విల్లులా వంగి ఉంది. రెండేళ్ళు దాచిన డబ్బుతో కొన్నది. వేడి చేసి, బరువులు పెట్టి తిన్నగా చేశాను కానీ, వచ్చే వానలకు మళ్ళీ అదే ఒంపుకు పోయింది.

గోడకు ఆనించొద్దు. గట్టి కేసులో, రెండు ముక్కలుగా విప్పి, అల్మారాలో పడుకోబెట్టండి. ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. షాఫ్ట్‌ను తడిగుడ్డతో తుడవొద్దు. పొడి గుడ్డతో వేడి పుట్టేలా గట్టిగా రుద్ది, అప్పుడప్పుడు పల్చగా మైనం పట్టించండి. నున్నగా జారాలని ఉప్పుకాగితం పట్టేవాళ్ళున్నారు. దయచేసి ఆపండి. 13 మిల్లీమీటర్ల షాఫ్ట్ 12.8కి దిగితే బిర్రుతనం 6 శాతం పోతుంది, పోయింది తిరిగి రాదు.

ఏడో మెట్టు: మళ్ళీ మొదటి కాగితం

క్యూ చేతికొచ్చిన నెల తర్వాత మొదట రాసుకున్న కాగితం తీసి, అవే ఇరవై షాట్లు కొట్టండి, సగం దూదితో. "జిల్లుమంటోంది" అని రాసుండి, దూది పెట్టాక అది పోతే మీకు నచ్చనిది చప్పుడు: టిప్ మెత్తది వేయించండి. దూది పెట్టినా పోకపోతే ఫెరూల్, జాయింట్ చూడండి. "మొద్దుగా ఉంది" అనిపిస్తే షాఫ్ట్ మోగించండి, అది బాగా మోగితే తూకం ముందుకు జరపండి, వెనక బోల్టు తేలికది వేస్తే చాలు. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

వానలు పట్టాక, నవంబర్‌లో ఒకసారి జాయింట్ మీద చాక్ పొడి పరీక్ష మళ్ళీ చేయండి. వేసవిలో చుట్టూ సమానంగా పడిన నీలం వలయం అప్పుడు ఒకపక్క తెగి కనపడితే భయపడి లేత్ దగ్గరికి పరిగెత్తకండి. కేసులో పెట్టి, తేమ లాగే చిన్న సిలికా పొట్లాలు రెండు పక్కన ఉంచి, సంక్రాంతి దాకా ఆగి చూడండి. చాలాసార్లు వలయం మళ్ళీ కలుస్తుంది.